నిలబడే వంతు

పదో తరగతి మొత్తం నిలబడి ఉంది. పుస్తకాలు మూసి, చేతులు పక్కకి పెట్టుకుని పిల్లలందరూ బోర్డు వైపు చూస్తున్నారు. బోర్డు మీద ఏమీ లేదు. ప్రిన్సిపల్ కూడా బల్ల పక్కన నిలబడే ఉంది. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకునేదాకా ఎవరూ కూర్చోకూడదు, తనతో సహా. అది ఆమె పద్ధతి. బెత్తం ముట్టుకోదు, గొంతు పెంచదు. ఎవరో ఒకరు "నేనే మేడం" అనగానే "పర్వాలేదు, కూర్చో" అంటుంది. ఒప్పుకున్నవాళ్ళకి శిక్ష లేదు. ఆ తర్వాత ఆ సంగతి బడిలో ఎవరూ ఎత్తకూడదు.

ఆ ఉదయం గేటు తీసేసరికి కొత్త భవనం ముందున్న శిలాఫలకం మీద ఎవరో తారు పూసి పెట్టారు. పార్టీ అధ్యక్షుడి పేరు మీదుగా, అరచేతి వెడల్పున, ఈ చివర నుంచి ఆ చివర దాకా. కింద చిన్న అక్షరాల్లో ఉన్న ప్రిన్సిపల్ పేరు జోలికి మాత్రం పోలేదు.

కిటికీలోంచి ఆ భవనం కనబడుతోంది. పోర్టికో ఉండాల్సిన చోట వంగిన ఇనుప చువ్వలు వేలాడుతున్నాయి. కింద స్లాబు ముక్కల చుట్టూ తాడు కట్టి, తాడుకి ఎర్రగుడ్డలు కట్టారు. గాలికి అవి టపటపమంటుంటే ఎవరో చెంప మీద కొడుతున్నట్టే ఉంది. ప్రారంభోత్సవం జరిగిన వారంలోపే ఆ స్లాబు కూలింది. బడి వదిలాక నీడకని దాని కింద ఆగిన ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి చిక్కుకుపోయింది. సన్నగా ఉంటుందని అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల. మోకాలు నుజ్జయింది. ఇక ఆ మోకాలు మడత పడదని డాక్టరు చెప్పేశాడు.

వెనక బెంచీ దగ్గర కదలిక. పొడుగుపిల్ల చెయ్యెత్తింది. తరగతిలో అందరికన్నా ఒక తల పొడుగుండే పిల్ల, ఎప్పుడూ వెనక వరసలో వంగి నిలబడుతుంది.

"నేనే మేడం."

ప్రిన్సిపల్ ఆ పిల్ల మొహంలోకి చూసింది. భయం లేదు. పశ్చాత్తాపమూ పెద్దగా లేదు. బస్సు టిక్కెట్టు చూపించినట్టు చూపించింది మొహం. అయినా ఆమెకి గుండె కుదుటపడింది. ఎప్పుడూ అంతే, ఎవరో ఒకరు లేస్తారు. "పర్వాలేదు, కూర్చో" అంది. తరగతంతా ఒక్కసారి కూర్చున్న చప్పుడుకి కిటికీ అంచు మీది పావురం లేచిపోయింది.

గుమ్మం దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు ఆమె చెల్లెలు. అదే బడిలో డ్రాయింగ్ టీచరు, అక్క ఇంట్లోనే ఉంటుంది. చంకలో చార్టులు పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని ఉంది. రెండోవాడు పార్టీ సెక్రటరీ. బూట్లు తుడుచుకోవడం మర్చిపోయి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"మీ దగ్గర నేర్చుకోవాలి మేడం," అన్నాడు వరండాలో నడుస్తూ. "మా ఆఫీసులో ఇలా నిలబెడితే పొద్దుగూకేదాకా నిలబడే ఉంటారు. తప్పు చేసినవాడైతే అందరికన్నా ముందు కుర్చీ లాక్కుంటాడు."

ఆమె నవ్వలేదు. అతను వచ్చిన పని ఏమిటో ఆమెకి తెలుసు. రెండుసార్లు వార్డు నుంచి గెలిచి, మున్సిపాలిటీలో విద్యా కమిటీ నడుపుతున్న ప్రిన్సిపల్‌కి ఈసారి శాసనసభ టిక్కెట్టు ఖాయమని ఊరంతా అనుకుంటోంది. రాజధానిలో కూర్చుంటే ఒక్క బడికి కాదు, రాష్ట్రంలో ప్రతి బడికీ పైకప్పు వేయించొచ్చని ఆమె ఎప్పటి నుంచో అనుకుంటోంది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాలుక చేదుగా అయింది.

గదిలో కూర్చున్నాక సెక్రటరీ గొంతు తగ్గించాడు. పెద్దాయన, అంటే పార్టీ అధ్యక్షుడు, రేపు ఊళ్ళో దిగుతున్నాడు. ఎల్లుండి అభ్యర్థుల పేర్లు చెబుతాడు. ఈలోపు స్లాబు సంగతి ముగిసిపోవాలి. ఎండకుండానే స్లాబు కింద ఆసరాగా పెట్టిన పోటుకర్రలు తీసేశారనీ, అందుకే కూలిందనీ ఇంజనీరు తేల్చేశాడు. ఎవరు తీయించారో తేలితే పోలీసులు వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు. తేలకపోతే టిక్కెట్టు రైసుమిల్లు ఆయనకి పోతుంది.

"ఆ కర్రలు ఫొటోల్లో బాగుండవని ఫోన్ చేసింది మీరే కదా," అంది ఆమె.

"బాగుండవన్నాను. తీసెయ్యమన్నానా?"

అతను తీసెయ్యమని అనలేదు, నిజమే. అన్నది తను. ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం డ్రిల్లు మాస్టారిని పిలిచి కర్రలు తీయించమంది. అతను తల గోక్కుంటూ, ఇంకా పది రోజులైనా ఉంచాలని మేస్త్రీ మరీ మరీ చెప్పాడన్నాడు. ఫంక్షన్ అయ్యాక మళ్ళీ పెట్టిద్దాంలే అంది తను. ఫంక్షన్ అయిపోయింది. కర్రలు సైకిల్ స్టాండు వెనక పేర్చి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ రోజూ గదికి వచ్చింది.

"మీరేం కంగారు పడకండి," అన్నాడు సెక్రటరీ లేస్తూ. "ఎవరో ఒకరు లేస్తారు."

*

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు పెరటి కుళాయి దగ్గర కూర్చుని కుంచెలు కడుగుతోంది. ఒక్కో కుంచె వెంట్రుకలు వేళ్ళతో నొక్కి, నీళ్ళు పిండి, గుడ్డ మీద వరసగా పెడుతోంది. ప్రిన్సిపల్ గడప మీద కూర్చుని చెప్పులు విప్పుకుంది. శిలాఫలకం రేపు పొద్దున్నకల్లా శుభ్రం చేసి, అధ్యక్షుడి పేరుకి మళ్ళీ రంగు వెయ్యాలని చెప్పింది. బయటివాళ్ళని పిలిస్తే నలుగురి నోళ్ళలో పడుతుంది, నీ చేతి రాతైతే ముత్యాల్లా ఉంటుంది అంది.

"నేను వెయ్యను," అంది చెల్లెలు.

"ఎందుకని?"

"పూసిన చేత్తోనే కడగమంటే ఎలా అక్కా?"

ప్రిన్సిపల్‌కి మొదట అర్థం కాలేదు. చెల్లెలు కుళాయి కట్టేసింది. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. కిరసనాయిలు వాసన వస్తోంది.

"తారు నేనే పూశాను. నిన్న రాత్రి ఆస్పత్రి నుంచి తిన్నగా బడికి వెళ్ళి పూశాను. నీ పేరు మీద పూయడానికి చెయ్యి రాలేదు. అది కూడా నా తప్పేలే."

"మరి ఆ పొడుగుపిల్ల?"

"ఆ పిల్ల నాతోపాటు ఆస్పత్రిలో పిచ్చుక మంచం దగ్గర ఉంది. చీకటి పడ్డాక వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు."

"మరి నేనే అని ఎందుకంది?"

చెల్లెలు తడిచేతులు కొంగుకి తుడుచుకుని అక్క మొహంలోకి చూసింది. ఎప్పుడో చెప్పాల్సిన మరణవార్త ఆలస్యంగా చెప్పేవాళ్ళు చూసినట్టు చూసింది.

"ఈ నెల ఆ పిల్ల వంతు."

ఆ తర్వాత చెల్లెలు చాలా మామూలుగా, పాఠాల టైంటేబుల్ చెప్పినట్టు చెప్పుకొచ్చింది. ప్రతి తరగతికీ ఒక వరస ఉంది. ఎవరు ఏ తప్పు చేసినా, పెద్ద మేడం అందర్నీ నిలబెట్టినప్పుడు వంతు ఉన్నవాళ్ళు చెయ్యెత్తాలి. మరీ తొందరగా ఎత్తకూడదు, అనుమానం వస్తుంది. మరీ ఆలస్యం చేయకూడదు, కాళ్ళు పీకుతాయి. ఆరోజు బడికి రానివాళ్ళు ముందే ఇంకొకరితో మార్చుకుంటారు. నిజంగా చేసింది ఎవరని ఎవరూ అడగరు. అడిగితే లేనిపోని తగువులు. మేడం ఎలాగూ కొట్టదు కదా.

"ఎప్పటి నుంచి?"

"నేను చేరేనాటికే ఉంది. ఇప్పుడు చదివే పిల్లలకి అన్నయ్యలూ అక్కయ్యలూ నేర్పి వెళ్ళారు."

"టీచర్లకి తెలుసా?"

"తెలియందెవరికి? గంట కొట్టేలోపు పాఠం అవ్వాలి కదా, వాళ్ళకీ అదే కావాలి." చెల్లెలు చిన్నగా నవ్వింది. "నీకొక్కదానికే తెలీదు. నీ పద్ధతి గురించి పేపర్లో రాసినరోజు స్టాఫ్ రూంలో పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను."

"నాకు చెప్పలేకపోయావా?"

"ఎలా చెప్పను? సభల్లో ఆ సంగతి చెబుతున్నప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు. నేను చూశాను." కుంచెలని గుడ్డలో చుట్టింది. "ఇవాళ నేను పూసిన తారుకి ఆ పిల్ల చెయ్యెత్తుతుంటే, గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకున్నాను. నోరు విప్పలేదు. నీ బడిలో అంతలా అలవాటైపోయింది."

ప్రిన్సిపల్‌కి తన ముందు చెయ్యెత్తిన పిల్లలు ఒక్కొక్కరే గుర్తుకొస్తున్నారు. పగిలిన గ్లోబుకి లేచిన పిల్లవాడు, ఎవరి కళ్ళజోడో పోయినప్పుడు లేచిన పిల్ల, ముక్కు చీదుకుంటూ లేచిన అయిదో తరగతి పిల్లాడు. వాళ్ళ తల మీద చెయ్యి వేసి "నిజం చెప్పావు, నువ్వు పెద్దయ్యాక గొప్పవాడివవుతావు" అంది. ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్ళో ఎవరిదో వస్తువులా పడి ఉంది. ఎవరు చెయ్యి ఎందుకెత్తారో తెలియకుండానే ఆమె రెండు ఎన్నికలు గెలిచింది.

లోపల ఫోన్ మోగింది. సెక్రటరీ. రేపు పదింటికి పార్టీ ఆఫీసులో చిన్న మీటింగు, కాంట్రాక్టరూ ఇంజనీరూ వస్తున్నారు, డ్రిల్లు మాస్టారికి తనే కబురు పెట్టానన్నాడు. ఆయనెందుకని ఆమె అడిగేలోపే పెట్టేశాడు.

*

పార్టీ ఆఫీసు ఒక బట్టల కొట్టు మీది అంతస్తులో ఉంది. మెట్ల మీద జెండా కర్రలు కట్టలు కట్టి పడేశారు. పక్కకి జరిగి జాగ్రత్తగా ఎక్కాలి. పైన పొడవాటి గది, గోడకి చేర్చి మడత కుర్చీలు, మధ్యలో గాజు పలక వేసిన బల్ల. ఫ్యాను తిరిగినప్పుడల్లా గోడ మీది పోస్టర్ల అంచులు లేస్తున్నాయి. కిటికీలోంచి కిందికి చూస్తే రోడ్డు పక్కన పోలీసు జీపు ఆగి ఉంది. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు, తొందరేమీ లేనట్టు.

పెద్దాయన బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి, జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. అందర్నీ పేరుపేరునా పలకరించాడు. ఇంజనీరు కూతురు పరీక్షలు ఎలా రాసిందో అడిగాడు. డ్రిల్లు మాస్టారిని చూసి, మీ బడి వాలీబాల్ జట్టు ఈసారి జిల్లాకి వెళ్తుందా అని అడిగాడు. మాస్టారు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు, గడ్డం కొత్తగా గీసుకున్నాడు. పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. ప్రిన్సిపల్ వైపు చూడలేదు.

టీ వచ్చింది. తాగాక పెద్దాయన రుమాలుతో ముక్కు తుడుచుకుని, మన మేడం గారి బడిలో ఒక మంచి పద్ధతి ఉందట కదా, మనమూ అలాగే చేద్దాం అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే లేచి నిలబడ్డారు. కాంట్రాక్టరు తన పొట్ట మీద చేతులు కట్టుకున్నాడు. ఇంజనీరు ఫ్యాను వైపు చూస్తున్నాడు. సెక్రటరీ పిల్లవాడిలా చేతులు పక్కకి పెట్టుకుని, కావాలనే బిగుసుకుని నిలబడ్డాడు. పెద్దాయన కూడా బల్ల పట్టుకుని లేచాడు.

ప్రిన్సిపల్ కూడా నిలబడింది. ఇన్నేళ్ళూ ఆమె పిల్లలకి ఎదురుగా నిలబడింది. ఇలా వాళ్ళ వైపు నిలబడడం ఇదే మొదటిసారి. ఇటు వైపు నుంచి గది వేరేగా ఉంది.  పక్కవాడి ఊపిరి వినబడుతోంది. ఎవరో ఒకరు త్వరగా నోరు విప్పితే బాగుండునని ఒళ్ళంతా కోరుకుంటోంది. తను మాట్లాడాలి.  ఇప్పుడే, ఈ జీపు హారన్ ఆగగానే, ఇతను దగ్గడం అవగానే అనుకుంది. తన పేరు రేపు చదవబోయే మనిషి ఎదురుగా ఉన్నాడు.

"నేనే సార్," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "పోటుకర్రలు నేనే తీయించాను. ఎవరినీ అడగలేదు."

మరీ తొందరగా కాదు, మరీ ఆలస్యంగానూ కాదు.

"పర్వాలేదు, కూర్చో," అన్నాడు పెద్దాయన.

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ కూర్చున్నారు. ప్రిన్సిపల్ మోకాళ్ళు వాటంతటవే వంగాయి. కూర్చున్నాక ఒంట్లోకి పాకిన సుఖం ఎంతగా ఉందంటే, ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మాస్టారిని కిందికి వెళ్ళమన్నారు. అతను గుమ్మం దాటాక ఆమె లేచి వెనకే వెళ్ళింది. మెట్ల మలుపులో జెండా కర్రల దగ్గర అతను ఆగాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఆటవస్తువుల గది తాళాలు మేడం. వాలీబాల్ నెట్టు బయట ఎండలో ఉంది, వాన పడేలోపు తీయించండి. రెండో అరలో గాలి దిగిపోయే బంతులున్నాయి. పారేయొద్దు. చిన్న తరగతుల వాళ్ళకి అవే ఇష్టం, తగిలినా నొప్పి పుట్టదు."

"ఎందుకిలా చేశారు మాస్టారూ?"

అతను ఆశ్చర్యపోయాడు. "మీరే చెప్పమన్నారని సెక్రటరీగారు మొన్న ఇంటికొచ్చి చెప్పారు కదా."

"నేను చెప్పలేదు."

అతని మొహంలో ఏదో కదిలి, మళ్ళీ సర్దుకుంది. కిందనుంచి కానిస్టేబుల్ తలెత్తి చూస్తున్నాడు.

"పర్వాలేదులెండి. ఇప్పుడు అనేశాను కదా. మా ఆవిడకి మాత్రం మీరొకసారి..." అని, ఆ మాట పూర్తి చేయకుండానే దిగిపోయాడు. జీపు ఎక్కేముందు చొక్కా నలగకుండా వెనక వైపు సర్దుకున్నాడు. 

ఆమె మళ్ళీ పైకి వచ్చింది. కాంట్రాక్టరు ఏదో జోకు చెబుతున్నాడు. ఆమె బల్ల ముందు నిలబడి, కర్రలు తీయించమన్నది నేనే అంది. మాస్టారు వద్దంటున్నా వినలేదనీ, మళ్ళీ పెట్టిద్దామని మర్చిపోయాననీ, తప్పు మొత్తం తనదనీ చెప్పింది.  

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూశారా," అన్నాడు మిగతావాళ్ళతో. "ఇన్నాళ్ళ రాజకీయంలో, కింది మనిషి చేసిన తప్పు నెత్తిన వేసుకునే నాయకుణ్ణి నేను చూడలేదు."

"మెచ్చుకోమని చెప్పడం లేదు సార్. నిజం చెబుతున్నాను."

"నిజమే అమ్మా. నాయకత్వమంటే అదే," అని సెక్రటరీ వైపు తిరిగి, ఇది రేపు పేపర్లో రావాలి అన్నాడు. కాంట్రాక్టరు చప్పట్లు కొట్టాడు. ఇంజనీరూ కొట్టాడు. ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. చప్పట్లలో అది ఆమెకే వినబడలేదు.

అందరూ బయటికి నడిచాక పెద్దాయన ఆమెని ఆపాడు. దగ్గరగా వచ్చి, కూతురికి మందులు వేసుకొమ్మని చెప్పే తండ్రిలా మెత్తగా అన్నాడు.

"మళ్ళీ అనకు తల్లీ. ఒకసారి అంటే గొప్పతనం. రెండోసారి అంటే కేసు."

*

పొద్దున్న పేపర్లో ఆమె ఫొటో వచ్చింది. ప్రారంభోత్సవం నాటి ఫొటో. రిబ్బను కత్తిరిస్తూ నవ్వుతోంది, తల మీద కొత్త పోర్టికో, వెనక ఒక్క కర్ర కూడా అడ్డు లేదు. ఫొటో నిజంగానే బాగుంది. పక్కన, తోటి ఉద్యోగి పొరపాటుని తన భుజాన మోసిన ప్రిన్సిపల్ అని పెద్ద అక్షరాల్లో రాశారు. కింద, టిక్కెట్టు ఆమెకే అని. ఒకరోజు ముందే ప్రకటించేశారు. డ్రిల్లు మాస్టారి సంగతి లోపలి పేజీలో నాలుగు ముక్కల్లో ఉంది.

ఎదురింటివాళ్ళు వచ్చి అభినందించి వెళ్ళారు. వీధి చివర నుంచి ఎవరో చెయ్యి ఊపారు. ఆమె తలుపు వేసి లోపలికి వచ్చేసరికి చెల్లెలి గది ఊడ్చి ఉంది. మంచం మీద పరుపు చుట్టి పెట్టింది. కుంచెల పెట్టె, ఒక సంచీ గుమ్మం దగ్గర ఉన్నాయి. చెల్లెలు కిటికీ రెక్క గడియ పెడుతోంది. ఆ గడియ సరిగా పడదు, ఎత్తి పట్టుకుని తొయ్యాలి. ఎన్నో ఏళ్ళుగా రోజూ చేసిన పనిని చివరిసారి చేస్తున్న మనిషిలా చేస్తోంది, నెమ్మదిగా.

ఎక్కడికని అడిగింది ప్రిన్సిపల్. ఊళ్ళోనే, స్నేహితురాలి మేడ మీద గది ఖాళీగా ఉంది అంది చెల్లెలు. కోపమా అంటే కోపం కాదంది. ఇంట్లో ఇద్దరం ఉంటే ఒకరు చూస్తూ ఊరుకోవాల్సి వస్తోంది, అది నాకు చేతకావడం లేదు, లేదా మరీ బాగా చేతనవుతోంది అంది.

"నేను చెప్పానే," అంది ప్రిన్సిపల్. తన గొంతు తనకే తప్పు చేసిన పిల్లల గొంతులా వినబడింది. "అందరి ముందూ చెప్పాను. ఆయన వినలేదు."

"ఎవరికి చెప్పావు?"

"పెద్దాయనకి."

"కాలు పోయింది ఆయనది కాదు కదా అక్కా."

చెల్లెలు ఇంటి తాళంచెవి తీసి గూట్లో పెట్టింది. సంచీ భుజానికి తగిలించుకుంది. ఒక్క క్షణం అక్క భుజం మీద చెయ్యి వేసి, అక్కడేదో దారప్పోగు ఉంటే తీసి పారేసి, వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా వెనక్కి తిరగలేదు. ప్రిన్సిపల్ గుమ్మంలో నిలబడి మలుపు వైపు చాలాసేపు చూసింది.

సెక్రటరీ కారు వచ్చింది. ఆస్పత్రికి పోనిమ్మంది ఆమె. అతను మురిసిపోయాడు, తనూ అదే అనుకున్నాడట. కెమెరా అబ్బాయికి ఫోన్ చేయబోతే ఆమె వద్దంది. సరే, కిందే ఉంటాను, పది నిమిషాల్లో రండి, పార్టీ ఆఫీసు దగ్గర జనం ఎదురు చూస్తుంటారన్నాడు.

పిల్లల వార్డు పై అంతస్తులో ఉంది. పిచ్చుక మంచం కిటికీ పక్కన. కాలు తొడ దాకా పట్టీలో ఉంది, పట్టీ కింద రెండు దిండ్లు. వాళ్ళమ్మ బట్టలు కుట్టి బతికే మనిషి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఎవరిదో పొడుగు చేతుల చొక్కాకి గుండీలు కుడుతోంది. ప్రిన్సిపల్‌ని చూసి సూదిని గుడ్డకి గుచ్చి లేచింది, స్టూలు ముందుకి జరిపింది. కూర్చోమంది.

ప్రిన్సిపల్ కూర్చోలేదు. పిల్ల ఎలా ఉందని అడిగింది. రాత్రిళ్ళు మూలుగుతోంది, పగలు బాగానే ఉంటోంది అంది వాళ్ళమ్మ. డ్రిల్లు మాస్టారు నిన్న పొద్దున్నే వచ్చి, తప్పు నాదే అని చెప్పి వెళ్ళాడంది. "స్టూలు కూడా వెయ్యలేదమ్మా నేను. ఆ గోడ దగ్గర నిలబడి చెప్పాడు. నా నోటికి వచ్చినవన్నీ అన్నాను. తల వంచుకుని పడ్డాడు."

"ఆయన తప్పు కాదు," అంది ప్రిన్సిపల్. "తీయించమన్నది నేను. ఆయన వద్దన్నాడు. మేస్త్రీ వద్దన్నాడని చెప్పాడు. నేను వినలేదు. మళ్ళీ పెట్టిస్తానన్నాను, పెట్టించలేదు. పాప కాలు నా వల్ల పోయింది."

వాళ్ళమ్మ కళ్ళు నిండాయి. ముందుకి వచ్చి ప్రిన్సిపల్ రెండు చేతులూ పట్టుకుంది. సూది పట్టి పట్టి కాయలు కాసిన వేళ్ళు.

"పక్క మంచం వాళ్ళు పేపరు చదివి వినిపించారమ్మా. మీరింత మంచివాళ్ళు కాబట్టే అలుసు చూసుకుని అతనలా చేశాడు. పోనీలెండి, ఎవరి పాపం మీరెందుకు మోస్తారు? మా వీధంతా మీకే వేస్తుంది, మీరేం దిగులు పెట్టుకోకండి."

"మీరు నమ్మాలి. నేను నిజంగా..."

"నమ్ముతానమ్మా, ఎందుకు నమ్మను," అంటూనే ఆమె చేతులు నిమురుతోంది.

ప్రిన్సిపల్ చేతులు విడిపించుకుని మంచం వైపు తిరిగింది. పిచ్చుక ఇందాకటి నుంచి ఆమెనే చూస్తోంది. చిన్న మొహం, పెదవులు పగిలి ఉన్నాయి. ఆమె వంగి, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"పాపా, ఆ కర్రలు తీయించింది నేనే."

పిచ్చుక వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసింది. తర్వాత వాళ్ళమ్మకి వినబడకుండా గొంతు తగ్గించి, రహస్యం తెలిసిన మనిషి ఇంకో మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఈసారి మీ వంతా మేడం?"

కింద కారు హారన్ మోగింది. మళ్ళీ మోగింది. ప్రిన్సిపల్ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.  ఆ పిల్లకి జాలేసినట్టుంది. పట్టీ కట్టిన కాలు కదలకుండా, మోచేతుల మీద కొంచెం పక్కకి జరిగి, మంచం అంచున చోటిచ్చింది.

"పర్వాలేదు, కూర్చోండి," అంది.

ఆమె కూర్చోలేదు.